తొడ వియ్యాలవారికి, ఎముకలు పేదలకా?

బక్రీద్ దగ్గరపడగానే పత్రికల్లో మాంసాహార వంటకాల తయారీ విధానాలు వెలువడటం ఏటా జరిగేదే. కిలో మాంసం, పావుకిలో పెరుగు, రెండు చెంచాల అల్లంవెల్లుల్లి ముద్ద, గుప్పెడు పుదీనా... ఇలా సాగుతాయవి. వాటిని చదివి వండుకునే సోదరీమణులను నేను తప్పుపట్టడం లేదు. అయితే ఆ కిలో మాంసం దుకాణంలో కొన్నదా, ఖుర్బానీదా అనే ప్రశ్న ఆ విధానాల్లో ఎక్కడా తలెత్తదు. వంటకు ఆ తేడాతో పనేమిటి అని మీరు అడగవచ్చు. పని ఉందనే నేనంటాను.

దుకాణానికి వెళ్లినప్పుడు మనకు నచ్చిన ముక్కను కొట్టించుకుంటాం. మెత్తటిది కావాలంటాం, కొవ్వు తీసేయమంటాం, మెడ వద్దంటాం. ఖుర్బానీ అలా కాదు. ఆ రోజు జంతువు మొత్తంగా మన గడపలోకి వస్తుంది. తల, కాళ్లు, కార్జం, పేగులు, ఎముకలు అన్నీ మన బాధ్యతలోకి వస్తాయి. పాతిక కిలోలు తూగే మేకపోతును కోస్తే ఎముకతో కలిపి పన్నెండు కిలోలకు అటూ ఇటుగా మాంసం వస్తుంది. దాన్ని మూడు భాగాలు చేసి ఒకటి పేదలకు, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి ఇంటికి ఉంచుకోవడం ఉత్తమమని మన ఉలమాలు చెప్పారు. అంటే ఇంటివాటా నాలుగు కిలోలు. ఈ నాలుగు కిలోలు ఏ ముక్కలు, మిగతా ఎనిమిది ఏ ముక్కలు అన్నదే అసలు విషయం. దాన్ని తేల్చేది ఈద్‌గాహ్‌లోని ఇమామ్ సాహెబ్ కాదు. మన వరండాలో చాప పరుచుకుని, ముందు తక్కెడ పెట్టుకుని కూర్చున్న మన చేతులే!

ముందు వంట సంగతి చెబుతాను. మా కడప వైపు పాతకాలపు ఇళ్లలో బక్రీద్ వంటకు మూడు రోజుల క్రమం ఒకటుండేది. ఎవరూ రాసిపెట్టింది కాదు, దాదీమాలకు నోటికి వచ్చిన క్రమం.

మొదటి రోజు నమాజు నుంచి తిరిగి రాగానే, జిబహ్ అయిన గంటలోపే పొయ్యి మీదికి ఎక్కేది కలేజీ. దైవప్రవక్త (స) రంజాన్ పండుగనాడు ఏదైనా తిని నమాజుకు బయలుదేరేవారనీ, బక్రీద్‌నాడు మాత్రం నమాజు నుంచి తిరిగి వచ్చేదాకా ఏమీ తినేవారు కాదనీ హదీసుల్లో ఉంది. అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉన్నవారికి తొందరగా ఉడికే వస్తువు కావాలి గదా! కలేజీకి ఆ గుణముంది. పిత్తాశయం చితకకుండా జాగ్రత్తగా తీసేసి (చితికిందా, ఇక ఆ చేదును ఏ మసాలా పోగొట్టలేదు), పైపొర ఒలిచి, పెద్ద ముక్కలుగా కోసి, మిరియాలపొడితో పెద్ద మంట మీద పది నిమిషాలు వేయిస్తే చాలు. ఉప్పు దించేముందే వేయాలి. ముందే వేసి మరిగించారంటే ముక్క తోలులా తయారవుతుంది.

కండమాంసం స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రాణం పోయిన తరువాత కొద్దిగంటల్లోనే కండరాలు బిగుసుకుంటాయి. మళ్లీ సడలడానికి చాలా గంటలు పడుతుంది. ఈ సంగతి తెలియకనే ఇవాళ పదిగంటలకు కసాయి వెళ్లగానే పదకొండింటికి బిర్యానీ దమ్ మీద పెడుతున్నారు. ఒంటిగంటకు దస్తర్‌ఖాన్ మీద అందరి దవడలూ నొప్పి పుడతాయి. అప్పుడు నింద ఎవరి మీద? మేకను అమ్మిన పల్లెటూరి రైతు మీద! ముదురు మేకను అంటగట్టాడని, పళ్లు చూసి కొనాల్సిందని. పాపం ఆ మేకకు ఏడాదిమీద రెండు నెలలు కూడా ఉండవు.

మన పెద్దలకు కండరాల శాస్త్రం తెలియకపోవచ్చు కాని వంట తెలుసు. అందుకే మొదటిరోజు మధ్యాహ్నానికి వాళ్లు దాల్చా వండేవారు. మెడ, పక్కటెముకలు, మూలుగ ఎముకలు వేసి చాలాసేపు ఉడికించి, శనగపప్పు విడిగా మెత్తగా ఉడికించి కలిపి, సొరకాయ ముక్కలు వేసి, చివరన చింతపండు పులుసు పోసేవారు. పక్కన బగారా అన్నం. ఎముకల రసం పప్పులోకి దిగుతుంది. రెండు కిలోల ఎముకలతో ముప్ఫైమంది తృప్తిగా తింటారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాను. కండమాంసాన్ని గాలి తగిలేచోట వేలాడదీసి, సాయంత్రానికో మర్నాటికో పచ్చి బొప్పాయి, పెరుగు పట్టించి కబాబులకూ, దమ్ కా గోష్త్‌కూ వాడేవారు. (అప్పటి బక్రీద్ చలికాలంలో వచ్చిందో, ఎండాకాలంలో వచ్చిందో చూసుకునే వేలాడదీసేవారు లెండి. ఆ సంగతీ చెబుతాను.)

రెండోరోజు తల, కాళ్లు. కాళ్లను మంట మీద కాల్చి, వెంట్రుకలు గీకి, పసుపు రాసి, నాలుగైదు నీళ్లలో కడిగి రాత్రి బొగ్గుల పొయ్యి మీద పెడితే ఫజర్ వేళకు పాయా పెదవులకు అంటుకునేంత జిగురుగా తయారయ్యేది. హైదరాబాదువారు దానికి పోట్లీ మసాలా కట్టి నహారీ చేసుకుని రొట్టెతో తింటారు. మా రాయలసీమలో తలకాయకూరైనా పాయా అయినా రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పోసుకుంటాం. ఎవరి రుచి వారిది. ఉర్దూ ఇంట మాట్లాడని మన దూదేకుల సోదరుల ఇళ్లలో కూడా తలకాయకూర ఘుమఘుమ ఇదే. పేర్లు మారతాయి, అంతే.

హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఇంట కూడా ఈ కాళ్లు దాచుకునేవారని మనలో ఎందరికి తెలుసు? ఖుర్బానీ జంతువు కాళ్లను దాచుకుని పదిహేను రోజుల తరువాత తినేవాళ్లమని ఆమె చెప్పినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది. అంత అవసరం ఏమొచ్చిందని అడిగినవారిని చూసి ఆమె నవ్వారట. ముహమ్మద్ (స) కుటుంబం వరుసగా మూడురోజులు కూరతో గోధుమరొట్టె కడుపునిండా తిన్నది లేదని బదులిచ్చారట. దైవప్రవక్త ఇంట పదిహేను రోజులు దాచుకున్న వస్తువు ఇవాళ మన పిల్లలకు అసహ్యం! మా మొహల్లాలోనే చూస్తున్నాను. తల, కాళ్లు, పేగులు శుభ్రం చేసేవారు లేక, కసాయి భాయిని పిలిచి 'అవన్నీ నువ్వే తీసుకుపో, కూలి కాస్త తగ్గించుకో' అంటున్నారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. ఇది వంటింటి బద్ధకం మాత్రమే కాదు, షరీఅత్ విషయం కూడా. అంతిమ హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) తన ఒంటెల వ్యవహారాన్ని హజ్రత్ అలీ (ర)కు అప్పగిస్తూ వాటి మాంసాన్నీ, చర్మాన్నీ, పైన కప్పిన వస్త్రాలను కూడా దానం చేయమన్నారు. కోసినవాడికి కూలిగా అందులోనుంచి ఏదీ ఇవ్వవద్దనీ, కూలి తామే విడిగా ఇస్తామనీ చెప్పారు. పూర్తి కూలి డబ్బు రూపంలో ఇచ్చి, ఆపైన కసాయి భాయికి కానుకగా ఓ కిలో మాంసమో, తలకాయో ఇవ్వండి. ఎవరూ కాదనరు. అతడికీ పిల్లలున్నారు, అతడికీ పండుగే. కాని కూలిలో కోత పెట్టి తలా కాళ్లూ చేతిలో పెడితే అది కానుక కాదు, జీతం. తోలు సంగతీ అంతే. ఒకప్పుడు ఖుర్బానీ చర్మాల రాబడి మదర్సాల్లో చదివే బీదపిల్లల భోజనానికి పెద్ద ఆసరాగా ఉండేది. ఇప్పుడు తోలు ధర పడిపోయింది గనుక ఎవరికీ పట్టడం లేదు. ఉప్పు రాయకుండా గోనెలో చుట్టి పడేస్తే సాయంత్రానికి వాసన కొడుతుంది.

మూడోరోజు బోటి. హైదరాబాదులో చక్నా అంటారు. దాన్ని శుభ్రం చేయడం ఒక విద్య. సున్నం, వేడినీళ్లు, ఓపిక ఉండాలి. అప్పటికీ మిగిలిన కండమాంసాన్ని పొడుగు వారలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి దారానికి గుచ్చి మిద్దె మీద ఎండబెట్టేవారు. తెలంగాణ సోదరులు వీటిని వట్టి తునకలంటారు. కాకులు, పిల్లులు రాకుండా కాపలాకు కర్ర ఇచ్చి మమ్మల్ని కూర్చోబెట్టేవారు. కాపలాదారులే సగం తిన్నారని చివరకు మా అక్కలు ఫిర్యాదు చేసేవారు. ఆ తునకలు నెలల తరబడి నిలువుండేవి. ఊరినుంచి అతిథి వస్తే నాలుగు తునకలు దంచి గోంగూరలో వేస్తే కూర తయారు.

ఈ క్రమమంతా ఇప్పుడు ఒక్క వస్తువుతో తారుమారైంది. ఫ్రిజ్! కొన్ని ఇళ్లలో అదీ చాలక పండుగకు పదిరోజుల ముందు డీప్ ఫ్రీజర్ కొంటున్నారు. మాంసం నిలువ ఉంచుకోవడం హరామ్ అని నేను అనను. అనే అధికారం నాకు లేదు. దైవప్రవక్త (స) ఒక సంవత్సరం మూడు రోజులకు మించి ఖుర్బానీ మాంసం ఇంట ఉంచుకోవద్దని ఆదేశించారు. మరుసటి ఏడు సహాబీలు అదే నియమమా అని అడిగితే, ఆ ఏడు ఇబ్బందుల్లో ఉన్న ప్రజలు మదీనాకు వచ్చారు గనుక అలా చెప్పాననీ, ఇప్పుడు తినవచ్చు, దాచుకోవచ్చు, దానం చేయవచ్చుననీ అనుమతి ఇచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఈ విషయం ఉంది. మనవాళ్లు దీనిలో 'దాచుకోవచ్చు' అన్న ఒక్కమాటను పట్టుకున్నారు. ఆ ఏడు ఎందుకు వద్దన్నారో ఆ కారణాన్ని వదిలేశారు. ఆకలిగొన్నవారు ఊరిలో ఉన్నప్పుడు వద్దన్నారు! మన మొహల్లాలో ఆకలిగొన్నవారు లేరా? ఉన్నారో లేరో చూసిన తరువాతే ఫ్రీజర్ తలుపు తెరవాలన్నది నా మనవి.

ఇక తొడ సంగతి. మా ప్రాంతంలో కొన్నాళ్లుగా ఒక ఆచారం బలపడుతోంది. కొత్తగా పెళ్లయిన కూతురి అత్తవారింటికి ఖుర్బానీ తొడను కోయకుండా, అలాగే పళ్లెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి పంపించాలి. దాన్ని 'రాన్ పంపడం' అంటారు. పంపకపోతే వియ్యపురాలు అలుగుతుంది. ఒకరు ఒక తొడ పంపితే ఇంకొకరు రెండు పంపుతారు. ఇంకా ముందుకు పోయి మేకనే తోలేవారు ఉన్నారు. అటునుంచి వాళ్లు తమ తొడ పంపుతారు. ఇటు తొడ అటు, అటు తొడ ఇటు. చివరకు రెండు ఫ్రీజర్లూ నిండుతాయి. రెండో తొడ ఇంట్లో కబాబులకు, భుజం బిర్యానీకి, వెన్నుకండ ఖీమాకు. ఇక మిగిలినవి పక్కటెముకలు, కొవ్వు, జల్లెడలాంటి పొట్టకండ. వాటిని నల్ల పాలిథిన్ సంచుల్లో పావుకిలో చొప్పున కట్టి తలుపు దగ్గర పెట్టి వచ్చినవారికి వచ్చినట్లు అందిస్తారు. తక్కెడలో మూడు భాగాలూ సమానమే. కాదని ఎవరనగలరు?

మనకు ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప తీసుకోలేని వస్తువును దానానికి ఎంచుకోవద్దని దివ్యఖుర్ఆన్ అల్‌బఖరా సూరాలో హెచ్చరించింది. ఆ హెచ్చరికను నల్ల సంచి పక్కన పెట్టి చూసుకోండి. ఖుర్బానీ జంతువుల మాంసంగానీ రక్తంగానీ అల్లాహ్‌కు చేరదని, చేరేది మన భయభక్తులేనని హజ్ సూరా చెబుతున్నది. ఏటా ఖుత్బాలో వింటాం. విని, ఇంటికి వచ్చి తొడ పక్కకు తీస్తాం.

దైవప్రవక్త (స) ఇంట ఒకసారి మేకను కోసి పంచిపెట్టారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే, భుజం తప్ప ఏమీ మిగలలేదని హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చెప్పారు. దానికాయన, భుజం తప్ప మిగిలినదంతా మిగిలే ఉందని బదులిచ్చారు. తిర్మిజీలోని ఈ హదీసు మనవాళ్లకు బాగా తెలుసు. దీనికంటే తక్కువమందికి తెలిసిన మరొక విషయముంది. అంతిమ హజ్‌లో వంద ఒంటెలు ఖుర్బానీ అయ్యాయి. వాటిలో అరవై మూడింటిని దైవప్రవక్త (స) స్వహస్తాలతో జిబహ్ చేశారు. మిగిలినవాటిని హజ్రత్ అలీ (ర) చేశారు. ఆ తరువాత ఒక్కొక్క ఒంటె నుంచి ఒక్కొక్క ముక్క తీసి, అన్నింటినీ ఒకే కుండలో ఉడికించారు. వారిద్దరూ ఆ మాంసం తిని ఆ రసం తాగారు. వంద ఒంటెల నుంచి వంటకు వచ్చింది ఒక్క కుండ! మనది ఒక్క మేక. వంటకాలు మాత్రం పది!

అందుకే దాల్చాను గుర్తుంచుకోమన్నాను. ఎముకలతో రుచిగా వండటం తెలిసినది మనకు. నూనె, మసాలా, పప్పు, చింతపండు, గ్యాసు అన్నీ ఉన్నదీ మనకే. అలాంటప్పుడు ఎముకలు మన ఇంట ఉంచుకుని, మెత్తటి కండ కలిపిన మాంసం పేదల సంచిలో వేయడంలో కష్టమేముంది? మెత్తటి మాంసమైతే వారి ఇంట ఉప్పు, కారంతో కూడా అరగంటలో ఉడుకుతుంది. ఎముకలు ఉడకాలంటే మూడు గంటల గ్యాసు కావాలి. సిలిండరు ధర తెలిసినవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు.

కూర వండితే నీళ్లు కాస్త ఎక్కువ పోసి పొరుగువారికి పంపమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (ర)కు చెప్పారు. ఆ పొరుగువాడు ముస్లిమే కావాలన్న షరతు అందులో లేదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (ర) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా, పంపారా అని ఆయన అడిగారు. మన హిందూ సోదరుల్లో మాంసం తినేవారికి, వారు ఇష్టపడితే, పచ్చిమాంసమైనా వండినదైనా పంపడం మన ఊళ్లలో తరతరాల అలవాటు. తిననివారికి సేమ్యా పాయసమో, పండ్లో పంపేవాళ్లం. ఈ రాకపోకలు ఈ మధ్య సన్నగిల్లాయి. కారణాలు అనేకం, అన్నీ మన చేతిలో లేవు. గిన్నె పంపడం మాత్రం మన చేతిలో ఉంది.

స్త్రీల గురించి చెప్పకుండా వంట గురించి మాట్లాడటం అన్యాయం. పండుగనాడు మగవాళ్లం గుసుల్ చేసి, కొత్తబట్టలు కట్టి, అత్తరు పూసుకుని నమాజుకు వెళ్లివస్తాం. కత్తి పట్టి జిబహ్ చేస్తాం. అక్కడితో మన పని అయిపోయినట్లు కుర్చీలో కూర్చుంటాం. ఆ తరువాత పన్నెండు కిలోల మాంసం కడగడం, కోయడం, సర్దడం, ఉల్లిగడ్డలు వేయించడం, వచ్చేపోయేవారికి దస్తర్‌ఖాన్ వేయడం, ఎత్తడం, గిన్నెలు తోమడం ఎవరిపని? అసర్ దాటాక ఎసరులాంటి చల్లారిన దాల్చాలో ఇంత అన్నం కలుపుకుని వంటింట్లో పీట మీద ఆ ఇల్లాలు తింటుంది. ఆమె చేతులకు కారం మంట. కొత్తచీర కట్టుకునే తీరిక రాత్రికిగాని దొరకదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏంచేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయం చేసేవారనీ, నమాజువేళ కాగానే వెళ్లేవారనీ హజ్రత్ ఆయిషా (ర.అన్హా) చెప్పారు. సున్నత్ అంటే గడ్డమూ, మిస్వాకూ అని ఎరిగిన యువకులారా! మేక కాళ్లు కాల్చి గీకడం, బోటి కడగడం, వాటాలు ఇళ్లకు చేర్చడం మీరు తీసుకోవచ్చు. ఇంటి పెద్దలు వంటకాలను రెండింటికి తగ్గించవచ్చు. దాల్చా, బగారా అన్నం వండి, స్త్రీలు కూడా మొదటి విడతలోనే కూర్చుని తింటే ఆ ఇంటి గౌరవానికి ఏ లోటూ రాదు. షికంపూర్ కబాబులు మర్నాడు తినవచ్చు.

ఎండ విషయం చెబుతానన్నాను. చంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు చిన్నది కనుక బక్రీద్ ఏటా ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. ఇకమీదట కొన్నేళ్లు మే, ఏప్రిల్ ఎండల్లోనే మన పండుగ. మాంసాన్ని వేడిమీద పెద్ద సంచుల్లో కుక్కి ఫ్రిజ్‌లో పెడితే పైన గడ్డకడుతుంది, నడుమ చెడిపోతుంది. చిన్న పొట్లాలు కట్టుకోవాలి. ఫ్రిజ్ ఉన్నవారి సంగతే ఇలా ఉంటే లేనివారి సంగతేమిటి?

నేను ఉర్దూ చెప్పే తరగతిలో ఒక ఏడు పండుగ మర్నాడు పిల్లలను ఏం తిన్నారని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు. వెనుక బెంచీ పిల్లవాడొకడు తమ ఇంటికి ఎనిమిది సంచులు వచ్చాయని చెప్పాడు. ఏం వండారురా అంటే, సంచులన్నీ మగ్రిబ్ దాటాక వచ్చాయి సార్, ఇంట్లో నూనె లేదు, దుకాణం మూసేశారు, అమ్మీ ఉప్పు వేసి ఉడకబెట్టింది, పొద్దునకు వాసన వచ్చిందని పారబోసింది అన్నాడు. ఆ ఎనిమిది ఇళ్లవాళ్లూ మంచివాళ్లే. పేదల భాగం తీయడం మరచిపోలేదు. ముందు తాము వండుకుని, తిని, కాస్త నడుం వాల్చి, చల్లబడ్డాక పంపారు, అంతే.

కాబట్టి సోదరులారా, ఈసారి మేకకు డబ్బు లెక్క వేసేటప్పుడే పేదల వాటా వెళ్లే ఇళ్లను ఐదింటినో ఆరింటినో ముందే అనుకోండి. ఒక్కొక్క ఇంటికి పావులీటరు నూనె, చిన్న మసాలా పొట్లం, కిలో బియ్యం అరఫా నాడే కొనిపెట్టుకోండి. మాంసం కోసి రాశి పోయగానే మొదటి తూకం వాళ్లది వేయండి, తొడలోనుంచి కూడా తీసి వేయండి. మీ కలేజీ పొయ్యి మీద ఉండగానే పిల్లలచేత ఆ సంచులు పంపించేయండి. జుహర్ అజాన్ వేళకు వాళ్ల వంటింట్లో కూడా ఉల్లిగడ్డ వేగుతూ ఉండాలి. వియ్యాలవారి పళ్లెం అసర్ తరువాత వెళ్లినా వారేమీ అనుకోరు. వారింట్లో ఫ్రిజ్ ఉంది.